క్యూసెక్కును ఎవరూ కొలవరు: గేటు దగ్గర నీటి లెక్కలు

వానాకాలం నడిమికి వచ్చేసరికి టీవీ తెర అడుగున ఒక పట్టీ ఆగకుండా పరుగెడుతుంది. శ్రీశైలం ఇన్‌ఫ్లో ఇన్ని లక్షల క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఇన్ని. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తివేత. భద్రాచలం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక. అంకెలు గంటగంటకూ మారుతుంటాయి. చూసేవారికి మాత్రం మూడే సందేహాలు: ఈ నీరంతా ఆపలేరా, మా ఊరికి ఎప్పుడొస్తుంది, ఎంత ఎత్తు వస్తుంది?

ఈ మూడింటికీ క్యూసెక్కుల అంకె ఒక్కటే జవాబు చెప్పలేదు. పైగా ఆ అంకె గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఏ గేటుకూ క్యూసెక్కులు చూపించే మీటరు ఉండదు. అక్కడ నిజంగా కొలిచేవి నీటిమట్టం, గేటు ఎన్ని అడుగులు ఎత్తారన్నది. మిగతాదంతా భౌతికశాస్త్రం ఆధారంగా వేసిన లెక్క. ఆ లెక్క ఎలా వస్తుందో, ఎక్కడ తప్పుతుందో తెలిస్తే వరద వార్తలు సగం అర్థమైనట్టే.

## క్యూసెక్కు నీటి పరుగు, టీఎంసీ నీటి నిల్వ

ఒక గీత దాటి సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పోతుంటే అది ఒక క్యూసెక్కు. అంటే సెకనుకు 28.3 లీటర్లు, దాదాపు రెండు బిందెలు. టీఎంసీ వేరు. అది వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, అంటే నిల్వకు కొలత. ఈ రెంటినీ కలిపే లెక్క గుర్తుంచుకుంటే చాలు: 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి గరిష్ఠంగా 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. 11,574తో భాగిస్తే రోజుకు దాదాపు 99 టీఎంసీలు. బ్యారేజీ వెనక నిలిచేది 3.07 టీఎంసీలే. ఖాళీ బ్యారేజీలోకి ఆ వరద వచ్చినా ముప్పావుగంటలో నిండిపోతుంది. "గేట్లు మూసి కాస్త ఆపి ఉంటే" అనే మాటకు ఇక్కడ చోటు లేదు. బ్యారేజీ కట్టేది మట్టం పెంచి కాలువల్లోకి నీరు మళ్ళించడానికి, వరదను పట్టి ఉంచడానికి కాదు.

మరి శ్రీశైలం అంత పెద్ద జలాశయమైతే? దాని పూర్తి నిల్వ ఇప్పటి లెక్క ప్రకారం 215.8 టీఎంసీలు. 2009 అక్టోబరులో అక్కడికి 25 లక్షల క్యూసెక్కుల స్థాయిలో వరద వచ్చింది. అది రోజుకు 216 టీఎంసీలు. అడుగంటిన శ్రీశైలం కూడా ఒక్క రోజులో నిండేంత నీరది. కాకపోతే ఆ ఒక్క రోజూ చేతిలో ఉండటం, లేకపోవడం చాలా పెద్ద తేడా. అందుకే వరద రాకముందే జలాశయంలో కొంత జాగా ఖాళీ పెట్టాలా, సాగునీటికి నింపుకోవాలా అన్న పేచీ ఏటా వస్తుంది. ఆలస్యంగా ఖాళీ చేస్తే ముంపు. ముందే ఖాళీ చేశాక వాన మొహం చాటేస్తే పొలాలకు నీళ్ళుండవు. రెండు వైపులా నిజం ఉంది.

ప్రకాశం బ్యారేజీ గేటు ఒక్కోటి 40 అడుగుల వెడల్పు. 70 గేట్లకు కలిపి 2,800 అడుగులు. 11.43 లక్షలను దానితో భాగిస్తే ఒక్కో అడుగు వెడల్పుకు 408 క్యూసెక్కులు, అంటే సెకనుకు 11,500 లీటర్ల పైచిలుకు. జానాబెత్తెడు వెడల్పున్న సందులోంచి సెకనుకో పెద్ద నీళ్ళ ట్యాంకరు ఖాళీ అవుతోందనుకోండి. అలాంటి సందులు 2,800.

## గేటు ఒక అడుగు ఎత్తితే ఎన్ని క్యూసెక్కులు?

ప్రవాహం లెక్కకు పునాది రెండు సూత్రాలు. మొదటిది మామూలు లోకజ్ఞానమే: నీరు మధ్యలో మాయం కాదు. ఒక సందులోంచి సెకనుకు వెళ్ళే నీరు ఎంతంటే, సందు వైశాల్యాన్ని నీటి వేగంతో గుణించినంత. సందు సగమైతే అదే నీరు పోవడానికి వేగం రెట్టింపు కావాలి. మొక్కలకు నీళ్ళు పెట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ధార దూరం పోయేది ఇందుకే.

రెండోది 1738లో స్విస్ శాస్త్రవేత్త డేనియల్ బెర్నూలీ పేరు మీద వచ్చిన సూత్రం. నీటి దగ్గర మూడు రూపాల్లో శక్తి ఉంటుంది: ఎత్తు, పీడనం, వేగం. రాపిడి పెద్దగా లేనంతవరకు మూడింటి మొత్తం మారదు. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరగాలి. గేటు వెనక నిలిచిన నీటికి ఎత్తు ఉంది, వేగం దాదాపు లేదు. గేటు కిందనుంచి బయటపడ్డ నీటికి ఎత్తు పోయింది, అదంతా వేగంగా మారింది. ఎంత వేగం? పై నుంచి అంతే ఎత్తు నుంచి జారవిడిచిన రాయికి ఎంత వేగం వస్తుందో అంత. అడుగుల్లో చెప్పాలంటే, నీటి ఎత్తును 64.4తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని అడుగులో వస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. గేటు వెనక 12 అడుగుల నీరు ఉంది. గేటును ఒక అడుగు ఎత్తారు. సందు నడుమ నుంచి పై మట్టం వరకు 11.5 అడుగులు. వేగం సెకనుకు 27.2 అడుగులు, గంటకు 30 కిలోమీటర్లు. సందు వైశాల్యం 40 చదరపుటడుగులు. గుణిస్తే 1,088 క్యూసెక్కులు రావాలి. కానీ అంత రాదు. దాదాపు 650 వస్తుంది.

మిగతాది ఏమైంది? గేటు అంచు దగ్గర నీరు లంబకోణంలో ఒక్కసారి మలుపు తిరగలేదు. పై నుంచి దూసుకొచ్చే పొరలు కిందికి నొక్కుకుంటూనే బయటపడతాయి. గేటు కింద సందు అడుగున్నా, నాలుగడుగులు ముందుకెళ్ళి చూస్తే ధార మందం అడుగులో 60 శాతం దగ్గరే ఉంటుంది. ఈ 0.6ను ప్రవాహ గుణకం అంటారు. దీన్ని నమూనా పరీక్షలతో, క్షేత్రంలో కొలతలతో నిర్ణయించుకోవాలి. 70 గేట్లూ ఒక్కో అడుగు ఎత్తితే 45 వేల క్యూసెక్కుల పైమాటే అన్న అంచనా అలా వస్తుంది.

తప్పు జరిగేదీ ఇక్కడే. దిగువన నీరు పెరిగి గేటు సందును ముంచేసిందనుకోండి. ఇక లెక్కకు రావలసింది ఎగువ నీటి ఎత్తు కాదు, ఎగువకూ దిగువకూ మధ్య తేడా. ఎగువన 12, దిగువన 8 అడుగులుంటే తేడా నాలుగే. వేగం సెకనుకు 16 అడుగులకు పడిపోతుంది, గేటుకు 385 క్యూసెక్కులే వస్తాయి. గేటు తెరిచింది అంతే, ఎగువ స్కేలు చూపేదీ అంతే, ప్రవాహం మాత్రం సగానికి కాస్త ఎక్కువ. దిగువ స్కేలు చూడకుండా, మట్టాన్నీ గేటు ఎత్తునూ బట్టి క్యూసెక్కులు రాసి పెట్టుకున్న పట్టిక చదివితే అంకె ఘోరంగా తప్పుతుంది. పెద్ద వరదలో గేట్లను నీటికి పైగా పూర్తిగా ఎత్తేస్తే సందు అనేదే ఉండదు, సూత్రమే మారిపోతుంది. ఒకే రోజు ఒకే వరదకు ఎగువ ప్రాజెక్టు ఔట్‌ఫ్లోకూ దిగువ ప్రాజెక్టు ఇన్‌ఫ్లోకూ పొంతన కుదరకపోతే కుట్ర వెతకనక్కర్లేదు. రెండు వేర్వేరు గుణకాలు, రెండు వేర్వేరు స్కేళ్ళు, మధ్యలో వాగులు.

## అలుగు లెక్క, తుంగభద్ర 19వ గేటు

చెరువు అలుగు పారడం అందరూ చూసిందే. అక్కడ నీటికి పైకప్పు లేదు, కట్ట మీదుగా పొర్లుతుంది. ఇలాంటి చోట మట్టం పెరిగితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: పొర మందం పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. అందుకే అలుగు మీద జానెడు పారే నీరు మూరెడుకు పెరిగితే ప్రవాహం రెట్టింపు కాదు, 2.8 రెట్లు అవుతుంది. గేటు సందులో అయితే ఎత్తు రెట్టింపైనా ప్రవాహం 1.4 రెట్లే. చెరువు నిండాక వరద చివరి గంటలో కట్ట తెగుతుందా నిలుస్తుందా అన్నది తేల్చేది అలుగుకున్న ఈ గుణమే. అలుగు మీద రాళ్ళు పేర్చి ఇంకో జానెడు నీరు ఆపాలనుకునే వాళ్ళు పోగొట్టుకునేదీ దీన్నే.

పెద్ద స్పిల్‌వే (ఆనకట్టలో మిగులు నీరు వదిలే భాగం) గేటు మొత్తం ఎత్తేసినా, అది ఊడిపోయినా, అక్కడ ఉండేది అలుగే. 2024 ఆగస్టు 10 రాత్రి కర్ణాటకలోని హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అనంతపురం, కర్నూలు రైతులకు ఆ రాత్రి నిద్ర లేదు. గేటు వెడల్పు 60 అడుగులు, ఎత్తు 20. జలాశయం నిండి ఉంది. 20 అడుగుల ఎత్తుకు అలుగు సూత్రం వేస్తే ఆ ఒక్క ఖాళీలోంచి 20 వేల క్యూసెక్కుల దాకా పోతుంది. రోజుకు 1.7 టీఎంసీలు.

అప్పుడు చాలామంది అడిగింది ఒక్కటే: ఒక గేటు పోయి నీళ్ళు పోతుంటే మిగతా గేట్లు కూడా ఎత్తి ఇంకా ఎందుకు వదులుతున్నారు? జవాబు కూడా లెక్కలోనే ఉంది. నిండు జలాశయంలో ఒక్కో గేటు మీద నీటి తోపు దాదాపు 340 టన్నులు. నీటి పీడనం లోతుతో పెరుగుతుంది, తగిలే వైశాల్యమూ లోతుతో పెరుగుతుంది. అందుకే తోపు ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. మట్టం 20 నుంచి 10 అడుగులకు తగ్గితే తోపు నాలుగో వంతు, 85 టన్నులు. ఖాళీలోంచి పోయే ప్రవాహం మూడో వంతు చిల్లర. పారే నీటిలో స్టాప్‌లాగ్ పలకలు (గేటు బదులు ఖాళీకి అడ్డంగా దించేవి) దించాలన్నా, పాత గొలుసుల మీద బరువు తగ్గించాలన్నా మట్టం దించడం దగ్గరి దారి. నీరు పోగొట్టుకుని నీరు కాపాడుకోవడం అది. వారం తిరిగేలోపు పారే నీటిలోనే పలకలు దించి ఖాళీ మూశారు.

## కింద పడ్డ నీటి శక్తి ఎక్కడికి పోతుంది?

శ్రీశైలం పూర్తిస్థాయి మట్టం 885 అడుగులు. దిగువన నాగార్జునసాగర్ పూర్తిగా నిండితే 590. తేడా 295 అడుగులు. ఇందాకటి సూత్రమే వేస్తే కిందికి చేరే నీటి వేగం సెకనుకు 138 అడుగులు, గంటకు 150 కిలోమీటర్లు. రాపిడికి కొంత పోతుంది కానీ పెద్దగా పోదు.

లక్ష క్యూసెక్కులు ఆ ఎత్తు నుంచి పడితే ఎంత శక్తి? సెకనుకు 2,832 ఘనపు మీటర్లు, 90 మీటర్ల పతనం: 2,500 మెగావాట్లు. శ్రీశైలం కుడి, ఎడమ గట్ల విద్యుత్ కేంద్రాలు రెండూ కలిపి 1,670 మెగావాట్లే. అంటే గేట్ల మీదుగా వదిలే ఒక్కో లక్ష క్యూసెక్కులూ ఆ రెండు కేంద్రాలను మించిన శక్తిని నది గుండెల మీద గుద్దుతాయి. చూడ్డానికి పర్యాటకులు బారులు తీరే ఆ తెల్లటి నురగ అంతా ఆ శక్తి వేడిగా, చప్పుడుగా, రాయి కోతగా మారుతున్న తీరే. ఆనకట్ట పాదాన్ని కొట్టకుండా నీటిని దూరంగా గాల్లోకి విసిరేందుకు స్పిల్‌వే కొసను పైకి వంచి బకెట్‌లా కడతారు. విసిరిన నీరు పడ్డ చోట గుంత పడుతుంది. వార్తల్లో తరచూ వినిపించే ప్లంజ్ పూల్ అదే. గుంత పడటం దోషం కాదు, అది పడాల్సిందే. భయమల్లా అది లోతుకే కాక వెనక్కి, ఆనకట్ట పాదం వైపు పాకుతుందా అన్నదే.

ఇసుక మీద కట్టిన బ్యారేజీల్లో ఇంత ఎత్తు లేదు, కానీ కింద రాయీ లేదు. అక్కడ శక్తిని చంపే పద్ధతి వేరు. దాన్ని చూడాలంటే వంటింటి సింకు దగ్గరికి వెళ్ళండి.

కొళాయి కింద స్టీలు పళ్ళెం బోర్లించి సన్నటి ధార వదలండి. ధార తగిలిన చోట చుట్టూ నీరు అద్దంలా పల్చగా, నునుపుగా పరుచుకుంటుంది. కొంత దూరం పోయాక ఉన్నట్టుండి ఒక వలయం దగ్గర మందమై లేస్తుంది. వలయం లోపల వేలు పెడితే నీరు వేలి వెనక కోసుగా చీలుతుంది, అల ధారకు ఎదురు పోలేదు. వలయం బయట వేలు పెడితే అలలు అన్ని వైపులకూ పోతాయి. లోపల నీటి వేగం అల వేగాన్ని మించింది. బయట అల వేగమే ఎక్కువ. ఈ రెండు రకాల ప్రవాహాలు కలిసే మెట్టునే హైడ్రాలిక్ జంప్ అంటారు. (సింకు వలయానికి అసలు కారణం గురుత్వం కాదు, ఉపరితల తన్యత అని 2018లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు వాదించారు. దాని మీద చర్చ నడుస్తూనే ఉంది. బ్యారేజీ దగ్గర మాత్రం గురుత్వానిదే పెత్తనం, అందులో పేచీ లేదు.)

గేటు కింద నుంచి రెండడుగుల మందంతో, సెకనుకు 30 అడుగుల వేగంతో ధార వస్తోందనుకుందాం. ఆ మందంలో అల వేగం సెకనుకు 8 అడుగులే. నీరు దానికి 3.7 రెట్ల వేగంతో ఉంది. లెక్క ప్రకారం ఈ ధార జంప్ చేసి 9.6 అడుగుల మందానికి లేస్తుంది, వేగం సెకనుకు 6 అడుగులకు పడిపోతుంది. జంప్‌కు ముందున్న శక్తిలో 36 శాతం ఆ సుడుల్లోనే ఆవిరి. గేట్ల దిగువన పరిచిన కాంక్రీటు నేల, అంటే ఏప్రాన్ మీద ఈ తతంగం ముగిస్తే ఆవల ఇసుకకు తగిలేది సాధు ప్రవాహం.

ఇందులో మెలిక ఏమిటంటే, జంప్ ఏప్రాన్ మీదే జరగాలంటే దిగువన నీటి లోతు ఆ 9.6 అడుగులకు దగ్గరగా ఉండాలి. ఆరడుగులే ఉంటే ధార ఆగదు. జంప్ ముందుకు జరిగి ఏప్రాన్ దాటి ఇసుక మీద పడుతుంది. సిమెంటు దిమ్మెలు లేస్తాయి, వాటి కింద ఇసుక పోతుంది, తర్వాత ఏప్రాన్ కొస కూలుతుంది. వరద మొదలయ్యే గంటలు, తగ్గే గంటలే దీనికి ప్రమాదం, మహా వరద కాదు. మహా వరదలో దిగువన లోతు పుష్కలం. నాలుగు గేట్లు పూర్తిగా ఎత్తేసి మిగతావి మూసి ఉంచడం కంటే అన్ని గేట్లూ కొద్దికొద్దిగా ఎత్తడం ఇందుకే. నీరు అంతే పోయినా, అడుగు వెడల్పుకు పడే భారం మొదటి పద్ధతిలో ఎన్నో రెట్లు ఎక్కువ.

## పడవలు గేట్లను గుద్దినప్పుడు

ఇరుకు చోట నీటి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ఎత్తో పీడనమో తగ్గాలి. బ్యారేజీ వంతెన మీద నిలబడి చూస్తే రెండు స్తంభాల మధ్య నీటిమట్టం కాస్త కుంగి కనిపిస్తుంది. ఇరుకులో నీరు "ఒత్తుకుని" పీడనం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, జరిగేది సరిగ్గా దానికి తిరగబడి.

2024 సెప్టెంబరు వరదలో తాళ్ళు తెగి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను (గేటు ఎత్తడానికి సాయపడే ఎదురు బరువు దిమ్మెలను) గుద్ది దెబ్బతీశాయి. 40 టన్నుల పడవ సెకనుకు ఐదు మీటర్ల వేగంతో వచ్చి అర సెకనులో ఆగిపోతే, ఆ అర సెకనూ కాంక్రీటు మీద పడే తోపు 40 టన్నుల బరువుతో సమానం. ఆ తర్వాత కథ ఇంకా కష్టం. ఆగిన పడవను నీరు వదలదు. ఆ వేగంలో నీటి తోపు చదరపు మీటరుకు టన్నుంబావు. అడ్డం తిరిగిన పడవ పక్క 30 చదరపు మీటర్లయితే దాదాపు 38 టన్నులు, ఆకారాన్ని బట్టి ఇంకా ఎక్కువ. వరద తగ్గాక కూడా లోపల చేరిన నీరు బరువుగా మిగులుతుంది. క్రేన్లతో తొలి ప్రయత్నాలు బెడిసికొట్టాయంటే వింతేమీ లేదు.

వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. రోడ్డు మీద పారే వాగులో కార్లు కొట్టుకుపోయేదానికి మాత్రం వేరే కారణం ముందుంటుంది: తేలడం. నాలుగు మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పున్న కారు అడుగుభాగం పైన నీరు పది సెంటీమీటర్లు పెరిగితే 640 కిలోల బరువు తేలిపోతుంది. వెయ్యి కిలోల కారుకు నేల నుంచి అడుగు పైచిలుకు నీరు చాలు, టైర్లకు పట్టు పోతుంది. తర్వాత పక్కకు తోసేయడానికి వాగుకు పెద్ద వేగం అక్కర్లేదు.

## నీటి కంటే ముందు వచ్చే వరద

"ఎగువన గేట్లు ఎత్తారు, ఆ నీరు రేపు పొద్దున చేరుతుంది" అంటారు. చేరేది ఆ నీరు కాదు. నదిలో వరద ఒక అలగా కదులుతుంది. వెడల్పాటి నదిలో ఆ అల వేగం నీటి వేగానికి దాదాపు ఒకటిన్నర రెట్లకు పైనే. నీరు గంటకు 9 కిలోమీటర్లు పోతుంటే వరద పోటు 15 కిలోమీటర్లు పోతుంది. ముందున్న నీటిని తోసుకుంటూ వస్తుంది కాబట్టి, మీ ఊరి దగ్గర మట్టం పెంచేది చాలావరకు దారిలో ఉన్న పాత నీరే.

నిండిన జలాశయంలో ఇది మరీ విడ్డూరం. లోతు 50 మీటర్లుంటే అల గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంది. జలాశయం తలదగ్గర నీరు చేరిన కబురు గంటా రెండు గంటల్లో ఆనకట్టకు అందుతుంది, ఆ నీటి చుక్క చేరడానికి రోజులు పట్టినా.

ఇంకో చిక్కు: నదిలో ఒకే మట్టానికి రెండు ప్రవాహాలు ఉండొచ్చు. వరద పెరిగేటప్పుడు ఎగువన నీరు ఎత్తుగా, దిగువన ఇంకా పల్లంగా ఉంటుంది. ఉపరితలం వాలు ఎక్కువ, పరుగు ఎక్కువ. తగ్గేటప్పుడు దిగువన నిండిపోయి వాలు తగ్గుతుంది. అదే 50 అడుగుల మట్టం దగ్గర ఎక్కే వరదలో ఉన్నన్ని క్యూసెక్కులు దిగే వరదలో ఉండవు. లంకల్లో నీరు ఎక్కినంత వేగంగా దిగకపోవడానికి ఇదొక కారణం.

## ఎగదన్ను: బుడమేరు ఒక రకం, భద్రాచలం ఇంకో రకం

నిదానంగా పారే నదిలో దిగువ జరిగే మార్పు ఎగువకు తెలుస్తుంది, సింకు వలయం బయట అల వెనక్కి పోగలిగినట్టే. దిగువన మట్టం పెరిగితే నీరు ఎగదన్నుతుంది. 2024లో విజయవాడ ముంపును చాలామంది కృష్ణ వరదగానే అనుకున్నారు. నగరాన్ని ముంచింది ప్రధానంగా బుడమేరు. అయితే బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్ళించే కాలువ బ్యారేజీకి ఎగువన కలుస్తుంది. కృష్ణ ఎత్తుగా ఉంటే ఆ కాలువకు వాలు మిగలదు, లోపలి నీరు గట్ల మీద పడుతుంది. గండ్లు పడ్డాక మిగిలిన కథ అందరికీ తెలుసు. కృష్ణ ముంచలేదు, బుడమేరుకు దారి ఇవ్వలేదు.

భద్రాచలం వివాదం ఇంత సూటిగా లేదు. 2022 జులైలో అక్కడ గోదావరి 71.3 అడుగులకు చేరింది. దిగువన పోలవరం స్పిల్‌వే అప్పటికే నదికి దారిగా ఉంది. నీరు ఎగదన్నడం వల్లే ముంపు పెరిగిందని తెలంగాణ వైపు వాదన. స్పిల్‌వే 50 లక్షల క్యూసెక్కులకు కట్టింది, గేట్లన్నీ తెరిచే ఉన్నాయి, పైగా ప్రాజెక్టే లేని 1986లో 75.6 అడుగులు వచ్చింది కదా అని ఆంధ్ర వైపు జవాబు.

భౌతికశాస్త్రం ఇద్దరికీ కొంత కొంత ఇస్తుంది. ఎగదన్ను ఎంత దూరం పాకుతుందన్నదానికి ముతక అంచనా, లోతును నది వాలుతో భాగించడం. ఐదు కిలోమీటర్లకు మీటరు పల్లం ఉన్న నదిలో 20 మీటర్ల లోతు నిలిపితే ప్రభావం వంద కిలోమీటర్ల దాకా పోవచ్చు. కాబట్టి "అంత దూరం ఎలా వస్తుంది" అని కొట్టిపారేయడం కుదరదు. అదే సమయంలో, వరద పెరిగేకొద్దీ నది సహజ మట్టమే పెరుగుతుంది, తెరిచిన గేట్లు కలిపే అదనపు ఎత్తు దానిముందు చిన్నదవుతుంది. మధ్యలో పాపికొండల ఇరుకు కూడా ఉంది, అది ఆనకట్ట లేకున్నా నదిని పట్టి నిలబెడుతుంది. నా లెక్కలో అసలు గట్టి ప్రశ్న మహా వరద గురించి కాదు. పోలవరం జలాశయం 150 అడుగుల పూర్తి మట్టంలో నిండి ఉన్న రోజు కిన్నెరసాని, ముర్రేడు లాంటి వాగులకు సొంతంగా వరద వస్తే, బుడమేరుకు అయినట్టు వాటికి దారి ఉంటుందా అన్నది. ముంపు మీద రెండు రాష్ట్రాల ఉమ్మడి సర్వే అడిగేవాళ్ళ చేతిలో ఉన్న బలమైన అంశం అదే.

2022 సంగతి తేల్చడానికి ఒక పరీక్ష ఉన్నట్టే కనిపిస్తుంది. 1986లో 75.6 అడుగులకు 27 లక్షల క్యూసెక్కులు, 2022లో 71.3 అడుగులకు 24 లక్షల పైచిలుకు. అదే ప్రవాహానికి పూర్వం కంటే మట్టం ఎక్కువ వచ్చిందని చూపగలిగితే ఎగదన్ను ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కానీ ఆ 24 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? మామూలు రోజుల్లో నది అడ్డంగా పడవలో తిరుగుతూ పలుచోట్ల వేగం కొలుస్తారు, దాన్నిబట్టి మట్టానికీ ప్రవాహానికీ ఒక పట్టిక తయారవుతుంది. పడవ దించలేని వరద రోజున స్కేలు మీద మట్టం చదివి, పట్టికలో క్యూసెక్కులు చూస్తారు. ఎగదన్ను లేదన్న ఊహతో వేసిన పట్టిక అది. మట్టం నుంచి తీసిన ప్రవాహాన్ని మళ్ళీ ఆ మట్టంతోనే పోల్చితే రెండూ సరిపోయినట్టే కనిపిస్తాయి, ఎగదన్ను ఉన్నా లేకున్నా.